దైవమా, పురుషకారమా? పాలమూరు సీమ చెప్పు పాఠము

న్యాయవాది యొద్దకు వచ్చు కక్షిదారులలో అనేకులు తమ వ్యాజ్యమును చెప్పుటకు ముందు తమ తలవ్రాతను చెప్పుదురు. నొసటిమీద వ్రేలుంచి చూపి, నిట్టూర్చి, పిమ్మట కాగితముల మూట విప్పుదురు. గద్వాలలోను, వనపర్తిలోను, నాగరుకర్నూలులోను న్యాయస్థానముల ముంగిట వేపచెట్ల నీడను ఈ దృశ్యమును మేము ఇరువది సంవత్సరములుగా చూచుచున్నాము. మొదట అది వట్టి ఊతపదమని తలచితిమి. కాలక్రమమున అది ఊతపదము కాదనియు, ఒక సిద్ధాంతమనియు, ఆ సిద్ధాంతము మనుష్యుని చేతులు కట్టివేయుటయే గాక అతని యాస్తిని సైతము పోగొట్టగలదనియు మాకు బోధపడినది.

మనకు సంభవించునది అదృష్టమువలన సంభవించుచున్నదా, మనము చేసికొను నిర్ణయములవలన సంభవించుచున్నదా? ఈ ప్రశ్నమును పండితులు సభలలో చర్చించిరి. పామరులు అరుగులమీద చర్చించిరి. కాని దీనికిచ్చు సమాధానమును బట్టి ఒకడు దరఖాస్తు పెట్టును, ఒకడు పెట్టడు. ఒకడు బిడ్డను బడికి పంపును, ఒకడు మేస్త్రీ వెంట పంపును. కావున ఇది వేదాంతగోష్ఠికి మాత్రమే చెందిన ప్రశ్నము కాదు. చదువరులు దీనిని మాతో గూడ ఒకింత ఓపికతో విచారింపవలెనని కోరుచున్నాము.

1. ఒక వ్యాజ్యము

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కాలువ త్రవ్వుటకై ఈ సీమలోని ఒక గ్రామమున భూములు సేకరింపబడెను. అప్పటికి 1894 నాటి భూసేకరణ చట్టమే అమలులో నుండెను. గట్టునకు ఈవల ఒకరు, ఆవల ఒకరుగా నున్న ఇద్దరు రైతుల పొలములు ఒకే ప్రకటనము క్రింద పోయినవి. ఇద్దరిదియు ఎఱ్ఱని చెల్క నేలయే. ఇద్దరికిని ఎకరమునకు కట్టిన ధరయు ఒకటియే. మొదటివాడు సొమ్ము పుచ్చుకొనునపుడు "అభ్యంతరముతో తీసికొనుచున్నాను" అని వ్రాయించి సంతకము చేసెను. రెండవవాడు ఏమియు వ్రాయింపక వ్రేలిముద్ర వేసి వచ్చెను.

ఆ రెండు మాటల వెల ఎంతయో ఆనాడు ఊరిలో ఎవ్వరికిని తెలియదు. ఆ చట్టము ప్రకారము అభ్యంతరము తెలుపక సొమ్ము తీసికొన్నవాడు, ధర చాలదు గనుక నా విషయమును న్యాయస్థానమునకు పంపుడని అడుగుటకు అర్హుడు కాడు. అడుగువాడైనను, తీర్పు సమయమున హాజరై యుండినయెడల ఆఱు వారములలోపల అడుగవలెను. మొదటివాడు అడిగెను. వ్యాజ్యము కొన్నియేండ్లు నడచినది. తుదకు న్యాయస్థానము పరిహారమును పెంచెను.

ఇక రెండవవాని గతి యేమి? అడుగనివారికి గూడ న్యాయము జరుగవలెనని 1984లో ఆ చట్టమునకు 28-ఏ అను సెక్షను చేర్చబడినది. ఒకే ప్రకటనము క్రింద భూమి పోయినవారిలో ఒకనికి న్యాయస్థానము ధర పెంచినచో, తక్కినవారు ఆ తీర్పు వెలువడిన మూడు నెలలలో కలెక్టరునకు దరఖాస్తు పెట్టుకొని అట్టి పెంపును కోరవచ్చును. రెండవవాడు మా యొద్దకు వచ్చెను. కాని తీర్పు నకలు పొందుటకు పట్టిన దినములను మినహాయించి లెక్కించినను, గడువు దాటి ఇరువది దినములైనది. పొరుగువాని గెలుపును ఆతడు మొదటి వారముననే వినియుండెను. ఇన్నాళ్లు ఎందుకు రాలేదని అడిగితిమి. "వానికి రాసిపెట్టి ఉండె సారూ, నాకు లేకపాయె అనుకొంటి" అనెను. పిమ్మట కుమారుడు బలవంతపెట్టగా బయలుదేర నుద్యమించెను గాని, ఇంటి పెద్దలు మూఢము వెళ్ళువఱకు ఆగుమనిరట. మూఢము వెళ్ళినది, గడువును వెళ్ళినది.

ఆ మనుష్యుని మేము పరిహసింపలేదు, చదువరులును పరిహసింపరాదు. ఈ కథను కొంచెము విప్పి చూడుడు. కాలువ తన పొలముమీదుగా పోవలెనని ఆతడు కోరలేదు. పొరుగువాడు ఆ రెండు మాటలు వ్రాయించుటకు కారణము ఆతని బుద్ధికుశలత కాదు; పదవ తరగతి చదివిన మేనల్లుడు ఆనాడు వెంట నుండుటయే. రెండవవానికి అట్టి మేనల్లుడు లేడు. అభ్యంతరము తెలుపు హక్కు నీకు కలదని సొమ్ము పంచునపుడు ఆతనికి విడమఱచి చెప్పినవారు లేరు. ఇంతవఱకు ఆతని తప్పు అణుమాత్రము లేదు. కాని తీర్పు తరువాతి మూడు నెలలు ఆతనివే. ఆ మూడు నెలలను ఆతడు నొసటి వ్రాతకు అప్పగించెను.

2. పెద్దల మాట

మన పెద్దలు దైవమే సర్వమని చెప్పిరనుట పొరపాటు. మహాభారతము ఆనుశాసనిక పర్వమున ధర్మరాజు భీష్ముని ఈ ప్రశ్నమునే అడుగును. భీష్ముడు చెప్పిన సమాధానమున దైవమును విత్తనముతోను, పురుషకారమును క్షేత్రముతోను పోల్చినారు. దున్నని నేలలో ఎంత మేలైన విత్తనము పడినను పంట లేదని దాని సారము. న్యాయశాస్త్రమునకు మూలగ్రంథమని మనము పూజించు యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయములో, ఒంటి చక్రముతో రథము నడవనట్లే పురుషకారము లేక దైవము ఫలింపదని చెప్పబడినది. యోగవాసిష్ఠము ఇంకను ముందునకు పోయి, దైవమనునది మన పూర్వప్రయత్నమునకే మఱియొక పేరని వాదించును. ఇట్టి గ్రంథములు గల దేశమున తలవ్రాత ఇంత బలముగా నాటుకొనుట వింతయే.

అయితే ఆ విత్తనము, ఆ క్షేత్రము అను పోలికను పాలమూరు రైతునకు చెప్పి చూడుడు. ఆతడు క్షణమైనను ఆలోచింపక, "విత్తనమున్నది, దున్నిన చేనున్నది, నీళ్లెక్కడ?" అని అడుగును. ఆ అడుగుటలోనే ఈ పాఠమంతయు ఇమిడియున్నదని మా యభిప్రాయము. నీరు కొంత ఆకాశమునుండి వచ్చును, అది దైవము. కొంత బావి త్రవ్వుకొనుటవలన వచ్చును, అది పురుషకారము. కాని ఈ కాలమున చాల నీరు కాలువలోనుండి వచ్చును. ఆ కాలువ తూము ఎవరి చేతిలో నున్నది? అది దైవముగాని, ఆ రైతు పురుషకారముగాని కాదు. అది ఇతరుల నిర్ణయము.

అమెరికా దేశపు మనస్తత్వశాస్త్రజ్ఞుడు జూలియన్ రాటర్ 1966లో ప్రకటించిన వ్యాసములో మనుష్యులను రెండు తెఱగుల వారినిగా చూపెను: తమ ఫలములు తమ చేతలవలన కలుగునని నమ్మువారు, వెలుపలి శక్తులవలన కలుగునని నమ్మువారు. కొన్ని యేండ్లకు హన్నా లెవెన్సన్ అను శాస్త్రజ్ఞురాలు ఆ విభాగము చాలదని, వెలుపలి శక్తులలో కేవలమైన యాదృచ్ఛికము వేఱు, బలవంతులైన ఇతరుల యధికారము వేఱు అని విడదీసెను. ప్రయోగశాలలో తేల్చిన ఈ భేదమును మన సీమ కాలువ గట్లమీద ప్రతిదినమును చూపుచున్నది.

కావున మనకు సంభవించు ప్రతి విషయమును రెండు కాదు, మూడు భాగములు చేసి చూడవలెను. ఎవరును ఎంచుకొననిది మొదటిది. ఇతరులు ఎంచుకొన్నది రెండవది. మనము ఎంచుకొన్నది మూడవది. రెండవదానిని మొదటిదానిలో కలిపివేయుట పేదవాడు చేయు పొరపాటు. రెండవదానిని మూడవదానిలో కలిపి, అంతయు నీ చేతగానితనమే యనుట చదువుకొన్నవాడు చేయు పొరపాటు. ఈ రెండింటిలో రెండవ పొరపాటే ఎక్కువ క్రూరమైనది.

3. మూడు భాగములకు నిదర్శనములు

ఈ సీమలో ఏటికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడును. అదియు నమ్మకముగా పడదు. ఇది మొదటి భాగము. దీనికి ఎవరిని నిందింపగలము? కాని అంతే వానను నమ్ముకొని వనపర్తి సంస్థానాధిపతులు సప్తసముద్రములని పేరువడసిన చెఱువులను నిర్మించిరి. శ్రీరంగాపురమున రంగనాయకస్వామి గుడిచెంత రంగసముద్రము నేటికిని కలదు. వాన దైవాధీనము, చెఱువుకట్ట మనుష్యాధీనము. పూడిక తీయింపని చెఱువులో నీరు నిలువకున్నచో అది వరుణుని దోషము కాదు. ఒక తరము చేసిన నిర్ణయము మఱియొక తరమునకు అదృష్టముగా కనబడును. ఒక తరము చూపిన అశ్రద్ధ తరువాతివారికి దురదృష్టముగా కనబడును.

ఇక గద్వాల వైపు పోదము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ నేలను నడిగడ్డ యందురు. రెండు నదుల నడుమ నుండియు ఎండిన నేల యని జనులు తమ జాతకమును నిందించుకొనుట కలదు. కారణమును వెదకుదము. తుంగభద్రమీద రాజోలిబండ యొద్ద ఆనకట్ట కట్టి, ఎడమ ప్రక్కను సుమారు 143 కిలోమీటర్ల కాలువ త్రవ్విరి. ఈ పని హైదరాబాదు రాష్ట్రకాలమున ఆరంభమైనది. అప్పుడు గద్వాల, అలంపురము తాలూకాలు రాయచూరు జిల్లాలోనివే. కాలువ తలయు తోకయు ఒకే జిల్లాలో నుండెను. 1956లో రాష్ట్రములను పునర్విభజించినపుడు రాయచూరు మైసూరు రాష్ట్రమునకును, ఈ తాలూకాలు ఆంధ్రప్రదేశములోని మహబూబునగరు జిల్లాకును పోయినవి. ఆనకట్టయు, కాలువలో మొదటి నలువది కిలోమీటర్లకు పైగా భాగమును ఒక రాష్ట్రమున మిగిలినవి. నీరు పాఱవలసిన 87,500 ఎకరములు మఱియొక రాష్ట్రమున నిలిచినవి. బచావత్ న్యాయాధికరణము ఈ వైపు వాటా 15.9 టీ.ఎం.సీ.లని లెక్కకట్టినది. కాగితముమీద వాటా కలదు. కాలువ చివరి పొలములకు నీరు మాత్రము ఏండ్ల తరబడి సరిగా చేరలేదు. భాషను బట్టి గీసిన గీత తప్పని మేము వాదింపము. కాని ఆ గీతను ఆకాశము గీయలేదు. కాలువను బాగుచేయుటయు, చేయకుండుటయు గ్రహములు నిర్ణయింపలేదు. అలంపురము రైతు తన యెండిన చేనుగట్టున కూర్చుండి, శని పట్టినదనుకొన్నంత కాలము కాలువకు పట్టిన శని వదలదు.

నాగరుకర్నూలు జిల్లాలోని కొల్లాపురము ప్రాంతమునకు పోదము. శ్రీశైలము ఆనకట్ట కట్టగా కృష్ణాతీరమున నూఱుకు పైగా గ్రామములు మునిగి, లక్షకు పైగా జనులు ఇండ్లు వాకిండ్లు విడువవలసి వచ్చినది. 1981లో వారిని ఖాళీ చేయించిరి. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని ఒక్కొక్క రాయిగా విప్పి అలంపురమునకు తెచ్చి తిరిగి కట్టిరి. దేవుని రాళ్లకు లెక్క కుదిరినది. మనుష్యుల బ్రదుకులకు అంత చక్కగా లెక్క కుదరలేదు. కుటుంబమునకు ఒక్కరికి ఉద్యోగ మిత్తుమని 1986లో 98వ సంఖ్య గల ప్రభుత్వ ఉత్తరువు వెలువడినది. ఆ సంఖ్యను జపమంత్రమువలె చెప్పుకొనుచు దశాబ్దములు ఎదురుచూచిన కుటుంబములు కలవు. ఆ వెలుగు ఎన్నియో ఊళ్లకు అదృష్టముగా చేరినది. ఆ యదృష్టమునకు మూల్యము చెల్లించినవారు తమది దురదృష్టమని ఊరకుండవలసినదేనా? ఇచట జరిగినది ఒక బేరము. బేరములో ఒక పక్షము తన భాగమును చెల్లింపకున్నచో దానిని ప్రారబ్ధమనరు, బాకీ యందురు.

2009వ సంవత్సరము అక్టోబరు మొదటి దినములలో కృష్ణా తుంగభద్రలు కనివిని యెఱుగని రీతిని పొంగినవి. శ్రీశైలము జలాశయములోనికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినదని చెప్పుదురు. ఆనకట్టను కట్టినపుడు అంచనా వేసిన దానిని అది మించినది. అలంపురము ప్రాంతమును, కర్నూలు పట్టణమును నీట మునిగినవి. తుంగభద్ర యొడ్డున నున్న రాజోలిలో నేతగాండ్ర మగ్గములు గుంటలతో సహా బురదపాలైనవి. ఆ వానను ఎవరును ఆపలేరు. అయినను, వాన రాకముందు జలాశయములలో నీటిని ఎంతవఱకు నిలిపిరి, ద్వారములను ఎప్పుడు ఎత్తిరి, ఊళ్లకు కబురు ఎన్ని గంటల ముందు అందినది, నది పొంగు తావులలో ఇండ్లకు అనుమతు లెవరిచ్చిరి అను ప్రశ్నములకు మేఘము సమాధానము చెప్పదు. ఒకే యాపదలో మొదటి భాగమును, రెండవ భాగమును ఎట్లు పెనవేసికొనునో దీనివలన తెలియును.

4. న్యాయశాస్త్రము చేయు పని

ఈ పెనవేతను విడదీయుట అసాధ్యమని కొందఱందురు. న్యాయస్థానములు నిత్యము చేయుచున్న పని యిదియే. తెలుగుదేశమునకు చెందిన ఒక ప్రసిద్ధ వ్యాజ్యమును చెప్పెదము. కార్వేటినగరము జమీందారీలో రెండు పాత చెఱువులు పెద్దవానకు తెగి, ఆ నీటిచే మద్రాసు రైల్వే కంపెనీవారి కట్టడములు దెబ్బతినినవి. కంపెనీవారు జమీందారుపై నష్టపరిహారమునకు దావా వేసిరి. 1874లో ప్రివీ కౌన్సిలువారు దీనిని తీర్మానించిరి. చెఱువులు ఈ దేశమున సేద్యమునకు ప్రాణాధారములనియు, వానిని రక్షించుట జమీందారునకు హక్కు మాత్రమే గాక విధియు ననియు, ఆతని యశ్రద్ధ రుజువైననే గాని బాధ్యత కట్టరాదనియు నిర్ణయించిరి. అశ్రద్ధ కానరాకపోవుటచే కంపెనీ ఓడినది.

ఆ తీర్పు ఎవరికి అనుకూలమైనదను సంగతి యటుంచుడు. న్యాయమూర్తులు అడిగిన ప్రశ్నమును గమనింపుడు. వాన పడినదా యని మాత్రమే అడుగలేదు. వాన పడినపుడు చేయవలసినవాడు చేయవలసిన పనిని చేసెనా యని అడిగిరి. దైవకృత్యమని తప్పించుకొన గోరువాడు, ముందుగా ఊహింపదగినది కాదనియు, జాగ్రత్తచే నివారింపదగినది కాదనియు చూపవలెను. ఈ ప్రశ్నమునే మనము మన గృహములలోను, గ్రామములలోను అడుగుట నేర్చినచో దైవమునకు అంటగట్టిన నిందలలో చాలభాగము తొలగిపోవును.

5. ఆక్షేపణములు, సమాధానములు

మొదటి ఆక్షేపణము: "ఇతరుల నిర్ణయములని చెప్పిన జనులు మఱింత సోమరులగుదురు. నిన్నటిదాక గ్రహములను తిట్టినవారు నేడు అధికారులను తిట్టి ఊరకుందురు."

ఇందు కొంత సత్యము కలదు. నింద మార్చుకొనుట పురుషకారము కాదు. కాని గ్రహమునకు దరఖాస్తు పెట్టలేము, అధికారికి పెట్టగలము. ఇతరుల నిర్ణయమని తెలిసినచో దానిని మార్పించు మార్గము తెలియును. ఒకడు చాలనిచో పదుగురు కూడవచ్చును. అందుచే రెండవ భాగమును గుర్తించుట మూడవ భాగమును పెంచుటయే గాని తగ్గించుట కాదు.

దీనికి నిదర్శనమును ఈ సీమవాడే చూపెను. సురవరము ప్రతాపరెడ్డిగారు 1896లో అలంపురము ప్రాంతపు బోరవెల్లిలో జన్మించిరి. న్యాయశాస్త్రము చదివిరి. తెలుగు చదువునకు ఆదరణము లేక, సభ జరుపుకొనుటకైనను అనుమతి వేడవలసిన నిజాము రాజ్యమున 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరని ఒకరు వ్రాసినపుడు, మన యదృష్టము ఇంతేనని ఆయన ఊరకుండలేదు. అట్లని ఆ వ్రాసినవానిని తిట్టుటతోను తృప్తిపడలేదు. ఊరూర నున్న కవులకు వ్రాసి, పద్యములు తెప్పించి, 354 కవుల కూర్పుగా 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆ కవులు అంతకు ముందును ఉండిరి. లేనిది వారిని కూర్చువాడు. ఆయన చదువుకొను వసతి గల యింట పుట్టుట మొదటి భాగము. ఆ రాజ్యపు విధానము రెండవ భాగము. ఆ సంచిక మూడవ భాగము. 1952లో వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు పంపిరి. మఱుసటి సంవత్సరమే ఆయన కాలధర్మము నొందిరి. ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము 1955లో వచ్చునప్పటికి ఆయన లేరు. ఫలము చేతికందుట మన యధీనము కాదు. పని మన యధీనమను మాటకు ఇంతకన్న దృష్టాంతము అక్కఱలేదు.

రెండవ ఆక్షేపణము: "మేము స్వశక్తిచే పైకి వచ్చితిమి. ప్రయత్నించిన ఎవరైనను రాగలరు. రానివాడు సోమరి."

ఈ మాటను చెప్పువారు పామరులు కారు. మావంటివారు, ఈ పత్రమును చదువు మీవంటివారు. అందుచే దీనికి సమాధానము మా యనుభవమునుండియే చెప్పవలెను. మాతో ఒకే చాపమీద కూర్చుండి చదివిన ఒక బాలుడుండెను. లెక్కలలో మాకన్న చుఱుకైనవాడు. ఒక కఱవు సంవత్సరమున ఆతని తండ్రి గుంపు మేస్త్రీ యొద్ద బయానా తీసికొని, ఆలుబిడ్డలతో దూరదేశపు కట్టడపు పనికి పోయెను. నాగార్జునసాగరము మొదలు ఉత్తరాది ఆనకట్టలవఱకు పాలమూరు కూలీ చేయి పడని గొప్ప కట్టడము అరుదని మీరెఱుగుదురు. ఆ బాలుడు తిరిగి వచ్చునప్పటికి మేము రెండు తరగతులు దాటితిమి. ఆతడు మరల పలక పట్టలేదు. కొన్నాళ్లకు ఆతనినే పెద్ద మేస్త్రీకి అప్పగించిరి. మా యింట అప్పు లేదు, పుస్తకములుండెను, కఱవునాడును రెండుపూటల అన్నముండెను. ఇందు మేము సంపాదించినదేదియు లేదు.

రాత్రులు దీపము పెట్టుకొని మేము చదివిన మాట నిజమే. కాని ఆ దీపములో నూనె పోసినవారు వేఱు. ఈ సంగతిని ఒప్పుకొన్నందున మా ప్రయత్నము చిన్నది కాదు. ఆ బాలుని మీద మా తీర్పు మాత్రము మాఱును. వెట్టిచాకిరిని 1976లో శాసనము నిషేధించినది. పరరాష్ట్రమునకు పోవు కూలీల రక్షణకై 1979లో మఱియొక శాసనము వచ్చినది. శాసనములు పుట్టుటకు కారణమేమి? బయానాచే బద్ధుడైన కూలీ బద్ధుడగుట ఆతని కర్మ కాదనియు, ఒకరు కట్టిన కట్టు గనుక ఒకరు విప్పవచ్చుననియు కొందఱు గుర్తించుటయే.

6. గృహములలో చేయవలసినది

తలవ్రాత సిద్ధాంతమును పల్లెలలో మాత్రమే వెదకరాదు. పట్టభద్రుల యిండ్లలోను జాతకము చూడక సంబంధము కుదుర్చుకొనరు. కోడలు కాలు పెట్టిన వేళ మంచిది కాదని, వ్యాపారములో తాము చేసిన తప్పును ఆమె పాదమునకు చుట్టుదురు. కొడుకు ఉత్తీర్ణుడైన వాని తెలివి; కూతురు వెనుకబడిన దాని రాత. భర్త మరణించిన స్త్రీని శుభకార్యమున వెనుకకు నిలుపుట ఆమె దురదృష్టమువలన కాదు, ముందునకు పిలువకూడదని మనము చేసికొన్న నిర్ణయమువలన. మన నిర్ణయములను ఆమె నొసట వ్రాసి, దానికి దైవమను పేరు పెట్టుచున్నాము. ఒకరి నొసటి వ్రాతలో మన దస్తూరి యెంత కలదో పోల్చుకొనుటయే సంస్కారమునకు మొదటి మెట్టు.

దైవమును నమ్మవలదని ఈ పాఠము చెప్పుట లేదు. వాన రాకను, మరణమును, పుట్టుకను ఎదుర్కొనునపుడు శిరసు వంచుట మనుష్యునకు తగినదే. మన వశముకాని దానియెడ వినయము, మన వశమైన దానియెడ శ్రద్ధ, ఇతరుల వశమైన దానియెడ అడుగు ధైర్యము — ఈ మూడును వేర్వేఱు గుణములు. ఒకదాని తావున ఒకదానిని ఉంచినచో మూడును చెడును.

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన పాత మహబూబునగరు జిల్లానుండి నాగరుకర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల అను మూడు జిల్లాలు ఏర్పడినవి. కచ్చేరి దగ్గఱకు వచ్చినది. పూర్వము ఒక రోజు కూలి పోగొట్టుకొని పాలమూరు పోవలసినవాడు నేడు పూటలో పోయి రాగలడు. ఆ కచ్చేరి మెట్లు ఎక్కునో, తలవ్రాతయని మెట్ల క్రిందనే కూర్చుండునో ఆతని చేతిలోనిది. మెట్లెక్కినవానికి గడువెప్పుడో, కాగితమేదో చెప్పుట మన చేతిలోనిది.

ఆ రెండవ రైతు నేటికిని అప్పుడప్పుడు మా యొద్దకు వచ్చుచుండును, తనకొఱకు కాదు. ఊరిలో ఎవరికైనను నోటీసు వచ్చినచో, వారిని చేయిపట్టుకొని తీసికొని వచ్చి, "గడువెంత ఉందో చెప్పుండ్రి సారూ" అని మొట్టమొదట అడుగును. ఆతడు పోగొట్టుకొన్న సొమ్ము తిరిగి రాలేదు. కాని ఊరిలో పలువురకు ఆతడే, మొదటి రైతునకు దొరికిన ఆ మేనల్లుడైనాడు.

మననము చేయవలసిన ప్రశ్నలు

ఒకటి: గడచిన సంవత్సరమున మీకు కలిగిన ఒక మేలును, ఒక కీడును తీసికొని, ఎవరును ఎంచుకొననిది, ఇతరులు ఎంచుకొన్నది, మీరు ఎంచుకొన్నది అని మూడు వరుసలుగా వ్రాయుడు. మేలు విషయమున మూడవ వరుసయు, కీడు విషయమున మొదటి వరుసయు నిడుపైనచో మరల వ్రాయుడు.

రెండు: మీ యింట పనిచేయువారి బ్రదుకులో, వారు దైవమనుకొనుచున్న ఏ విషయము నిజముగా మీ నిర్ణయము?

మూడు: మంచి దినముకొఱకు ఆగి మీరు పోగొట్టుకొన్న గడువు ఏది?

నాలుగు: మీకు తెలిసి, మీ పొరుగువానికి తెలియని హక్కు ఏది? దానిని ఆతనికి ఎప్పుడు చెప్పెదరు?